కాగితం రాకెట్టు ఎందుకు పల్టీ కొడుతుంది?

కాగితం రాకెట్టు లేచీ లేవగానే పల్టీ కొట్టిందంటే చాలామంది చేసే మొదటి పని, ఇంకాస్త గట్టిగా ఊదడం. రెండోసారి అది ఇంకా అన్యాయంగా పల్టీ కొడుతుంది. బలం చాలక కాదు అది తిరగబడేది. దాని బరువూ, దానిమీద పనిచేసే గాలీ ఎక్కడ ఉండవలసినవి అక్కడ లేకపోవడం వల్ల. ఈ విషయాన్ని ఇంటర్మీడియట్‌లో చదువుకున్న భౌతికశాస్త్రంతోనే వివరించవచ్చు. అయినా బల భ్రామకం మీద పరీక్షలో రెండు పేజీలు నింపగల మనం, ఊదితే ఎగిరే కాగితం గొట్టం ముందు మాత్రం తెల్లమొహం వేస్తాం. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

ముందు రాకెట్టు సంగతి చెప్తాను. ఎ4 కాగితంలోంచి 15 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ముక్క కత్తిరించి, బాల్‌పెన్ను గొట్టం చుట్టూ కాస్త వదులుగా చుట్టి, టేపు అతికించాలి. సుమారు ఒక సెంటీమీటరు వ్యాసం ఉన్న గొట్టం వస్తుంది. ఒక చివర గాలి పోకుండా మడిచి మూసెయ్యాలి. అదే ముక్కు. రెండో చివర కాగితపు రెక్కలు అతికించాలి. పెన్నులోంచి రీఫిల్లు, వెనక బిరడా తీసేసి, ఆ ఖాళీ గొట్టం మీదికి రాకెట్టును తొడిగి ఊదడమే. కొన్ని పెన్నులకు పక్కన చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని వేలితో మూయడం మరచిపోవద్దు. (ఎదుటివాళ్ళ మొహం మీదికి గురిపెట్టకూడదని విడిగా చెప్పనక్కర్లేదనుకుంటాను.)

దీన్ని రాకెట్టు అనవచ్చునా అని మా లెక్చరర్లలో ఎవరైనా అడిగితే, న్యాయంగా అనకూడదు. లోపల ఇంధనం లేదు, వెనకనుంచి వాయువులు చిమ్మడం లేదు. పెన్ను గొట్టం దాటిన మరుక్షణం నుంచి అది జడత్వం మీదనే పోతుంది. ఆ లెక్కన ఇది రాకెట్టు కంటే బాణానికి దగ్గర చుట్టం. కాని ఇక్కడ మన ప్రశ్న ‘ఎలా ముందుకు పోతుంది?’ అని కాదు, ‘తిన్నగా ఎందుకు పోతుంది, లేదా పోదు?’ అని. ఆ ప్రశ్నకు బాణానికైనా, రెక్కలున్న రాకెట్టుకైనా జవాబు ఒకటే.

గాలిలో ఉన్న వస్తువును పట్టుకునే మేకూ లేదు, ఇరుసూ లేదు. అది తిరగవలసి వస్తే తన గరిమనాభి చుట్టూనే తిరుగుతుంది. రాకెట్టును స్కేలు అంచుమీద అడ్డంగా పెట్టి జరుపుతూ పోతే ఒకచోట అటూ ఇటూ ఒరగకుండా నిలుస్తుంది. గరిమనాభి అక్కడ ఉన్నట్టు. పెన్సిలుతో గీత పెట్టుకోవచ్చు. ఇక రెండో బిందువు కంటికి కనిపించేది కాదు. ఎగిరే రాకెట్టు ఏ కారణంగానో కాస్త వాలిందనుకోండి. అప్పుడు గాలి దాని పక్కను తాకుతుంది. ఆ తాకిడి అంతా కలిసి ఎక్కడ పనిచేస్తున్నట్టు లెక్కకు వస్తుందో అది పీడన కేంద్రం.

ఈ రెండింటిలో ఏది ముందుందన్నదే మొత్తం కథ. పీడన కేంద్రం గరిమనాభికి వెనక ఉంటే, వాలిన రాకెట్టు తోకను గాలి నెట్టి మళ్ళీ దారిలో పెడుతుంది. ముందుంటే, అదే గాలి ముక్కును పట్టుకుని ఇంకా పక్కకు తోసేస్తుంది. రవ్వంత వాలు కాస్తా పల్టీ అవుతుంది. గట్టిగా ఊదితే మరీ ఘోరంగా తిరగబడటం అందుకే. వేగం రెట్టింపైతే గాలి తాకిడి సుమారు నాలుగింతలవుతుంది. రాకెట్టును సరిదిద్దే బలమూ అదే, తిరగబెట్టే బలమూ అదే.

షటిల్ ఆడేవాళ్ళకు ఈ సూత్రం చేతికి తెలుసు. ఈకల కాక్‌ను ఎటు తిప్పి కొట్టినా క్షణంలో బెండు ముందుకు వచ్చేస్తుంది. బరువంతా బెండులో, గాలికి అడ్డంపడే వైశాల్యమంతా ఈకల్లో ఉండటమే రహస్యం. (బాల్ బాడ్మింటన్ వాళ్ళకు ఈ ఉదాహరణ పనికిరాదు. ఉన్ని బంతికి ముందూ వెనకా ఏముంది?)

ఇప్పుడు మన గొట్టాన్ని లెక్కలో పెడదాం. చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే మామూలు కాగితమైతే గొట్టం బరువు సుమారు 0.79 గ్రాము. రెక్కలు లేకపోతే గరిమనాభి సరిగ్గా నడిమధ్యన, ముక్కునుంచి 7.5 సెం.మీ. దూరంలో ఉంటుంది. గొట్టం కొద్దిగా వాలినప్పుడు గాలి ప్రభావం ముఖ్యంగా ముక్కు దగ్గరే కనబడుతుంది. అంటే పీడన కేంద్రం ముందు, గరిమనాభి వెనక. ఇక అది పల్టీ కొట్టక ఏం చేస్తుంది? ముక్కును ఎంత సూదిగా చెక్కినా ఈ విషయంలో ఒరిగేదేమీ లేదు. మా వాళ్ళు సగం టైము ముక్కు చెక్కడానికే పోస్తారు, అది వేరే సంగతి.

తోకకు నాలుగు రెక్కలు పెడదాం. ఒక్కొక్కటి లంబకోణ త్రిభుజం. గొట్టానికి అతికే భుజం 3 సెం.మీ., బయటికి పొడుచుకొచ్చే భుజం 2.5 సెం.మీ., లంబకోణం తోక అంచు దగ్గర. పీడన కేంద్రాన్ని అందాజుగా పట్టడానికి పాత పద్ధతి ఒకటుంది. రాకెట్టు పక్కనుంచి ఎలా కనబడుతుందో ఆ ఆకారాన్ని అట్టమీద గీసి, కత్తిరించి, ఆ అట్ట ఎక్కడ తూకానికి నిలుస్తుందో చూడటం. మన కొలతలకు ఆ బిందువు ముక్కునుంచి సుమారు 9.7 సెం.మీ. దగ్గర వస్తుంది. రెక్కల బరువు వల్ల గరిమనాభి కూడా వెనక్కు జరిగి 8.3 కు చేరుతుంది. మధ్య దూరం 1.4 సెం.మీ. పరవాలేదు, ఎగురుతుంది. ఇప్పుడు ముక్కు లోపల వేరుశెనగ గింజంత గోధుమపిండి ముద్ద, 0.6 గ్రాము ఉన్నది పెట్టండి. గరిమనాభి ఒక్కసారిగా 5.2 దగ్గరికి వచ్చేస్తుంది. మధ్య దూరం నాలుగున్నర సెంటీమీటర్లు. ఇక ఆ రాకెట్టు గీత గీసినట్టు పోతుంది.

అవే రెక్కలను అంతే దూరంలో ముక్కు దగ్గర, తిరగేసి అతికించి చూడండి. పిండిముద్ద లేకపోతే గరిమనాభి 6.7 దగ్గర, అట్ట చెప్పే పీడన కేంద్రం 5.3 దగ్గర. చేతిలో ఉన్నంతసేపు చూడముచ్చటగా ఉంటుంది. వదిలాక మాత్రం తోక ముందుకు తిరుగుతుంది. వస్తువులు అవే, కాగితం అదే, ఊపిరి అదే. మారింది స్థానం ఒక్కటే.

అట్ట పద్ధతి కచ్చితమైనది కాదు. రాకెట్టు పూర్తిగా అడ్డం తిరిగితే గాలి ఎలా తాకుతుందో అది చెబుతుంది. కొద్ది వాలులో రెక్కల పట్టు అంతకంటే ఎక్కువ, గొట్టం పట్టు తక్కువ. కాబట్టి నిజమైన పీడన కేంద్రం ఇంకా వెనకనే ఉంటుంది. అంటే ఈ పద్ధతి తప్పినా మన మేలుకే తప్పుతుంది. ఆ కొద్ది వాలు లెక్కను విద్యార్థులు కూడా కాగితం మీద చేసుకోగల సమీకరణాలుగా కుదించి 1966 లో అమెరికాలోని నమూనా రాకెట్ల ఔత్సాహికుల ముందు పెట్టినవాడు నాసా ఇంజనీరు జేమ్స్ బారోమన్. పీడన కేంద్రం గరిమనాభికి రాకెట్టు వ్యాసమంత, లేదా దానికి రెట్టింపు దూరం వెనక ఉంటే చాలునని నమూనా రాకెట్లవాళ్ళ వాడుక.

మా కాలేజీ వైజ్ఞానిక ప్రదర్శనకు హైస్కూలు పిల్లలు వచ్చినప్పుడు ఈ రాకెట్ల స్టాలు నాకు అప్పగించారు. ముక్కులో పిండిముద్ద ఎందుకో నేను చెబుతుంటే ఒక అమ్మాయి అడ్డం తగిలింది. ‘‘అన్నయ్యా, దీపావళి జువ్వకి కర్ర వెనకే కడతారు కదా. మరి మీరు బరువు ముందు పెట్టమంటారేంటి?’’ అంది. ఆ రోజు మొత్తంమీద వచ్చిన ప్రశ్నల్లో ఇదే మేలైనది. ‘కర్ర బాలెన్సు కోసం’ అని చెప్పి పంపించెయ్యడం తేలిక. ఆ పిల్ల ఇంకెవరినీ అడగకుండా జీవితాంతం అదే నమ్మి ఉండును.

జవాబు ఏమిటంటే, జువ్వలో కూడా బరువు ముందే ఉంది. మందు కూరిన గొట్టమే దాని పిండిముద్ద. కర్ర పొడుగే గాని బరువు తక్కువ. జువ్వను వేలిమీద అడ్డంగా నిలబెడితే గొట్టం కింది అంచుకు కొంచెం వెనకగా తూకం కుదురుతుంది. గాలి పట్టు మాత్రం కర్ర పొడుగునా కింది దాకా ఉంటుంది. కాబట్టి కర్ర గరిమనాభిని కొంత వెనక్కు లాగిన మాట నిజమే గాని, పీడన కేంద్రాన్ని అంతకంటే చాలా వెనక్కు లాగుతుంది. రెక్క చేసే పనే కర్ర చేస్తోంది, ఒక చోట వెడల్పుగా కాకుండా పొడుగునా సన్నగా. కర్ర విరిగిన జువ్వ పక్కింటి డాబా మీదికి ఎందుకు పోతుందో ఇక వేరే చెప్పాలా? పైగా మందు కాలేకొద్దీ ముందు బరువు తగ్గి గరిమనాభి వెనక్కు జరుగుతుంటుంది. కర్ర బాగా పొడుగు పెట్టేది ఆ జరుగుబాటుకు కూడా చోటు మిగలాలని. శ్రీరంగపట్నం యుద్ధాల్లో, 1792 లోను 1799 లోను, మైసూరు సైన్యం ఇంగ్లీషువాళ్ళ మీద వేసిన ఇనుప గొట్టాల రాకెట్లకూ వెదురు కర్రలే కట్టారు. కర్ర అక్కర్లేకుండా రాకెట్టునే గిర్రున తిప్పి నిలకడ తెచ్చే పద్ధతికి 1844 లో పేటెంటు పొందినవాడు ఇంగ్లండుకు చెందిన విలియం హేల్. మన కాగితం రాకెట్టుకు కూడా రెక్కలన్నీ ఒకే వైపుకు రవ్వంత వంచితే ఆ తిరుగుడు వస్తుంది. రెక్కలు అతికించడంలో వచ్చే చిన్న వంకరలు అటూ ఇటూ చెల్లుబడి అయిపోతాయి. కాని తిరగడానికి పోయే శక్తి దూరంలోంచి తగ్గుతుంది.

బరువు గురించిన ఇంకో భ్రమ పెద్ద పెద్దవాళ్ళను కూడా వదల్లేదు. ఇంజను పైన ఉండి మిగతా బరువు కింద వేలాడుతుంటే, గడియారం లోలకంలాగా రాకెట్టు తనంతట తానే నిటారుగా ఉంటుందని ఆ ఊహ. రాబర్ట్ గొడార్డ్ 1926 మార్చి 16 న మసాచుసెట్స్‌లోని ఆబర్న్‌లో ఎగరేసిన మొట్టమొదటి ద్రవ ఇంధన రాకెట్టులో ఇంజను పైన, ట్యాంకులు కింద ఉన్నాయి. అది రెండున్నర సెకన్లు ఎగిరి, 41 అడుగుల ఎత్తుకు లేచి, 184 అడుగుల దూరంలో పడింది. లోలకాన్ని పైన మేకు పట్టి ఉంచుతుంది. రాకెట్టు ఇంజను మేకు కాదు, రాకెట్టు వాలితే తనూ దాంతోపాటే వాలుతుంది. ఇక భూమ్యాకర్షణ పనిచేసేది గరిమనాభి మీదనే కాబట్టి ఆ బిందువు చుట్టూ దాని భ్రామకం సున్న. కనుక అది రాకెట్టును నిలబెట్టనూ లేదు, పడదొయ్యనూ లేదు. గొడార్డ్ తర్వాతి నమూనాల్లో ఇంజనును కిందికి మార్చాడు. 1932 లో గైరోస్కోపుతో రాకెట్టు దిశను అదుపు చేసి చూశాడు.

మన దేశంలో తుంబా నుంచి 1967 లో లేచిన 75 మిల్లీమీటర్ల రోహిణీ రాకెట్టుకు నిలకడ రెక్కల వల్లనే. 1980 జూలై 18 న శ్రీహరికోట నుంచి రోహిణీ ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్.ఎల్.వి.–3 అడుగున కూడా రెక్కలున్నాయి, వాటి కొసలు అదుపుకోసం కదిలేవి. పి.ఎస్.ఎల్.వి. దగ్గరికి వచ్చేసరికి రెక్కలు కనబడవు. వాలును కనిపెట్టి, వాయువులు చిమ్మే దిశను ఎప్పటికప్పుడు మార్చే యంత్రాంగం రెక్కల పని చేస్తోంది.

మరి రెక్కలు ఎంత పెద్దవైతే అంత మంచిదా? కాదు. మొదటిది, రెక్క పెరిగితే తోక బరువు పెరుగుతుంది, గాలి ఒరిపిడి పెరుగుతుంది, దూరం తగ్గుతుంది. పలచని కాగితమైతే వేగంలో రెపరెపలాడుతుంది కూడా. రెండోది అసలైన చిక్కు. పక్కగాలి వీచేటప్పుడు పెద్ద తోకను ఆ గాలి తనవెంట నెడుతుంది, దాంతో ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. మా హాస్టలు డాబా మీద సాయంత్రంపూట పడమటి గాలి వీస్తుంటే, పెద్ద రెక్కల రాకెట్టు ఉత్తరానికి ఊదినా నీళ్ళ ట్యాంకున్న పడమటి వైపే తిరిగేది. చిన్న రెక్కలదీ తిరిగింది గాని అంతగా కాదు. దాని తప్పేమీ లేదు. ఎదురొచ్చే గాలికి ముక్కు పెట్టి ఉండమని మనం దాన్ని తయారుచేశాం, అది అలాగే ఉంది. కాబట్టి వరండాలో ఎగరేసే రాకెట్టుకు పెద్ద రెక్కలున్నా నష్టం లేదు. ఆరుబయట ఎగరేసేదానికి రెక్కలను అరసెంటీమీటరు చొప్పున కత్తిరిస్తూ పోవాలి. తోక ఊగడం మొదలయ్యేదాకా కత్తిరించి, అక్కడినుంచి ఒక్క అరసెంటీమీటరు వెనక్కు వచ్చి కొత్త రెక్కలు అతికించుకుంటే, ఆ పూట గాలికి అది సరిపోతుంది.