నియాన్ అంకెల్లో రైలు వేళ

పాత గాజు గొట్టాలతో ఇంట్లోనే గడియారం తయారు చేసుకోవచ్చు. అయితే అంకె వెలగడం వేరు, సమయం సరిగ్గా చూపడం వేరు.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. రైల్వే ఉద్యోగాలకు వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇక్కడ ఎన్నో. కాలం విషయంలో ఈ ఊరికి మరో విశేషం ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దీనికి కాస్త తూర్పుగా వెళ్తుంది. బిలాస్‌పూర్ రేఖాంశం సుమారు 82.15 డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి, ఇక్కడి స్థానిక సగటు కాలం మన గడియారాల కంటే నిమిషంన్నర లోపే వెనకబడి ఉంటుంది. ఇలాంటి ఊళ్లో ఇంట్లో తయారు చేసిన గడియారం కూడా నిమిషం తప్పితే ఇట్టే దొరికిపోతుంది.

అంకె ఎలా వెలుగుతుంది?

ఎలక్ట్రానిక్స్ అభిరుచి ఉన్నవారు ఇప్పుడు ఇష్టంగా వాడుతున్నవి నిక్సీ గొట్టాలు. వీటిని 1955లో అమెరికాకు చెందిన బరోస్ సంస్థ మార్కెట్లోకి తెచ్చింది. 1970లలో ఎల్ఈడీలు వచ్చాక ఇవి మూలపడ్డాయి. నేడు దొరికేవాటిలో ఎక్కువ భాగం సోవియట్ కాలం నాటి ఐఎన్-12, ఐఎన్-14 వంటి పాత నిల్వలే.

గొట్టంలో 0 నుంచి 9 వరకు అంకెల ఆకారంలో ఉన్న పది లోహపు రేకులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఇవి కాథోడ్లు. వాటి ముందు సన్నని జాలీలా ఉండేది ఆనోడ్. లోపల తక్కువ పీడనంలో నియాన్ వాయువు నింపుతారు. సుమారు 170 వోల్టులు ఇస్తే ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని నియాన్ పరమాణువులను ఢీకొంటాయి. అలా ఉత్తేజితమైన పరమాణువులు తిరిగి మామూలు స్థితికి వచ్చేటప్పుడు నారింజ రంగు కాంతిని వెదజల్లుతాయి. ఆ కాంతి కాథోడ్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే ఏ అంకెకు విద్యుత్ అందితే ఆ అంకె ఆకారమే కనిపిస్తుంది. ఇందులో కాలే తీగ ఏదీ లేదు.

1898లో నియాన్‌ను కనుగొన్న ఇద్దరిలో ఒకరు విలియం రామ్సే, మరొకరు మోరిస్ ట్రావర్స్. ఈ ట్రావర్సే తర్వాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు తొలి డైరెక్టర్ అయ్యారు.

ప్రమాదం ఎక్కడ?

వాయువు ఒకసారి వెలిగిందంటే దాని నిరోధం పడిపోతుంది. అడ్డు లేకపోతే విద్యుత్ ప్రవాహం పెరిగి గొట్టం పాడవుతుంది. అందుకే ప్రతి గొట్టానికీ ఒక రెసిస్టర్ తప్పనిసరి. ఉదాహరణకు సరఫరా 180 వోల్టులు, వెలిగాక గొట్టం తీసుకునేది 140 వోల్టులు అనుకుందాం. మిగిలిన 40 వోల్టులను 2.5 మిల్లీయాంపియర్లతో భాగిస్తే 16 కిలోఓములు వస్తుంది.

12 వోల్టుల అడాప్టర్ నుంచి చిన్న కన్వర్టర్ ద్వారా ఈ 180 వోల్టులను తయారు చేస్తారు. ఇంటి కరెంటును నేరుగా వాడడం మాత్రం ప్రాణాంతకం. కన్వర్టర్ వాడినా అజాగ్రత్త పనికిరాదు. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్‌లో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. అది ఖాళీ అయ్యేలా కెపాసిటర్‌కు సమాంతరంగా ఒక రెసిస్టర్ పెట్టాలి. మీటరుతో చూసుకున్నాకే సర్క్యూట్‌ను ముట్టుకోవాలి. తొలిసారి చేసేవారు అనుభవజ్ఞుల సమక్షంలోనే పని మొదలుపెట్టడం మంచిది.

సమయం ఎవరు చెబుతారు?

గొట్టాలు చూపిస్తాయి అంతే, లెక్క పెట్టేది క్వార్ట్జ్ స్ఫటికం. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేస్తే సెకనుకు ఒక స్పందన మిగులుతుంది. స్ఫటికంలో పది లక్షలకు 20 పాళ్ల తేడా ఉన్నా నెలకు 50 సెకన్లు తప్పుతుంది. పైగా ఈ స్ఫటికాలు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా తయారవుతాయి. వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తాయి. 45 డిగ్రీల దగ్గర రోజుకు మరో సెకనుకు పైగా వెనకబడతాయి. బిలాస్‌పూర్ వేసవిలో అది కొత్త సంగతేమీ కాదు. గొట్టాల వేడి దీనికి అదనం.

ఉష్ణోగ్రతను బట్టి తనను తాను సవరించుకునే డీఎస్3231 చిప్ వాడితే తేడా ఏడాదికి సుమారు నిమిషానికి తగ్గుతుంది. జీపీఎస్ రిసీవర్ జోడించినా, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహించే భారత ప్రామాణిక కాలాన్ని ఇంటర్నెట్ ద్వారా అందుకున్నా ఆ నిమిషమూ పేరుకోదు.

వాడని అంకెకే జబ్బు

రైల్వేలో వాడేది 24 గంటల లెక్క. ఆ పద్ధతిలో ఎడమ చివరి గొట్టంలో వెలిగేవి 0, 1, 2 మాత్రమే. వెలిగే కాథోడ్ నుంచి రాలిన లోహం పక్కనున్న, వాడని అంకెలపై పేరుకుంటుంది. కొంతకాలానికి అవి మచ్చలు మచ్చలుగా వెలుగుతాయి. దీన్నే కాథోడ్ పాయిజనింగ్ అంటారు. మందు సులువే. రాత్రి అందరూ నిద్రపోయే వేళ కొన్ని నిమిషాలపాటు అన్ని అంకెలూ వంతులవారీగా వెలిగేలా ప్రోగ్రామ్ రాసుకోవాలి. చెక్ దేశంలో దాలిబోర్ ఫార్నీ కొత్త నిక్సీ గొట్టాల తయారీని మళ్లీ మొదలుపెట్టినా, అవి చేతితో చేసేవి, ఖరీదైనవి. పాత నిల్వలు ఎప్పటికైనా తరిగిపోయేవే. కాబట్టి చేతిలో ఉన్న గొట్టాన్ని పదికాలాలపాటు కాపాడుకోవడం కూడా గడియారం తయారీలో భాగమే.