తాతగారి పతకములు

గత సంవత్సరము ఇంటి కప్పు బాగుచేయించుటకై అటకమీది సామానును దింపించినప్పుడు, మా తాతగారి ఇనుప ట్రంకుపెట్టెలో, వారి పాత బైబిలు ప్రక్కను, ఒక గుడ్డమూట కనబడెను. అందు మూడు పతకము లుండెను: ఆరు కొనలుగల నక్షత్రములు రెండు, తెల్లని గుండ్రని బిళ్ల యొకటి. తాతగారు జపానువారితో తుపాకి చేబట్టి పోరాడిరని మా పెదనాన్నగారు చెప్పగా వినుచు పెరిగినవారము. ఆ పోరు ఎచ్చట జరిగెనో, ఏ సంవత్సరమున జరిగెనో ఎవరును చెప్పలేకపోయిరి. ఇట్టి మూటలు మన విద్యార్థుల యిండ్లలోను ఉండవచ్చును గనుక, వానిని చదువు విధమును మేము నేర్చుకొన్నంతవరకు వ్రాయుచున్నాము.

మొదట చెప్పవలసినది తోమవద్దని. మా మేనత్త చింతపండు తెచ్చి కూర్చుండెను; బతిమాలి మాన్పితిమి. ఏలయన పతకమునందు మిక్కిలి విలువగలది దాని లోహము కాదు, దానిపై ముద్రింపబడిన సన్నని అక్షరములు. మాటిమాటికి రుద్దినచో అవి అరిగిపోవును. గుండ్రని పతకమునకు అంచునందును, నక్షత్రమునకు వెనుకవైపునను ఆ అక్షరములుండును. రెండవ ప్రపంచ యుద్ధమున బ్రిటిషు సైనికులకిచ్చిన పతకములపై పేరులు లేవు. భారతీయ సైనికుల పతకములపై మాత్రము సంఖ్య, హోదా, పేరు, దళము ముద్రించిరి. వెదకువారికి ఇది గొప్ప మేలు. భూతద్దముతో చూచి, ఉన్నది ఉన్నట్లు, సంఖ్యకు ముందున్న అక్షరములను సైతము విడువక వ్రాసికొనవలెను. పేరు తప్పుగా నున్నదని దిద్దరాదు. యేసుదాసు అను పేరును ఒక గుమాస్తా ‘వై’తోను, మరియొక గుమాస్తా ‘జె’తోను వ్రాయుట కద్దు. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమైపోవును, లేదా బొత్తిగా మాయమగును. అట్టి సందేహము కలిగినప్పుడు సంఘములోని బాప్తిస్మపు పుస్తకము తండ్రి పేరును, గ్రామమును చూపి తోడ్పడును.

మా తాతగారి నక్షత్రములలో నొకటి 1939–45 నక్షత్రము. ముదురు నీలము, ఎరుపు, లేత నీలము గల దాని పట్టీ నౌకా, భూ, వైమానిక దళములను సూచించును. రెండవది బర్మా నక్షత్రము. ఇది చూచి తాతగారు బర్మా చేరిరని మేము తొందరపడి నిశ్చయించుకొంటిమి. అది పొరపాటు. అస్సాము, బంగాళములలోని కొన్ని ప్రదేశములలో పనిచేసినవారికిని ఆ నక్షత్రము నిచ్చిరి. గుండ్రనిది 1939–45 యుద్ధ పతకము. రెండు తలల సర్పముమీద నిలిచిన సింహము దాని గుర్తు. ఇది వెండి యని మా యింట అందరును నమ్మిరి గాని, రాగి నికెలుల మిశ్రమమే. మొదటి యుద్ధపు బ్రిటిషు పతకము నిజముగా వెండిదే. కావుననే ఎన్నియో కరగిపోయినవి. ఆ పతకమే కూలిదళములవారికి కంచుతో చేసి యిచ్చిరి. ఎవరి యింటనైన కంచుది దొరకినచో నకిలీ యని పారవేయకుడు. అది బరువులు మోసినవాని పతకము కావచ్చును.

మా బిళ్ల అంచుమీద పేరు తరువాత ‘ఆర్.ఐ.ఏ.ఎస్.సి.’ అని యుండెను. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీసు కోర్ అనగా సైన్యమునకు తిండి, పెట్రోలు, మందుగుండు చేరవేయు దళము. సాధారణ సిపాయిల సేవాపత్రములకై లండనుకు వ్రాయుట వృథా. అవి ఈ దేశమున ఆయా దళముల రికార్డు కార్యాలయములలో నుండును. మద్రాసు రెజిమెంటుది నీలగిరులలోని వెల్లింగ్టనునందును, మద్రాసు శాపర్లది బెంగుళూరునందును గలవు. మేము సంఖ్యను, పేరును, మాకుగల బంధుత్వమును తెలిపి జాబు వ్రాసితిమి. ఐదు నెలలకు ప్రత్యుత్తరము వచ్చెను. 1942లో చేరిక, 1946లో విడుదల, వృత్తి: డ్రైవరు.

పెదనాన్నగారు నొచ్చుకొనిరి. “బియ్యము మోసినందుకు నక్షత్ర మిచ్చిరా?” అని యడిగిరి. అప్పుడు మేనత్త, తండ్రి నోట ‘కొయిమా’ అను మాట తరచుగా విన్నట్లు చెప్పెను. అది కోహిమా. 1944 మార్చి కడపట జపాను సైన్యము కోహిమా, ఇంఫాలుల నడిమి దారిని తెగగొట్టెను. ఇంఫాలులోని సైన్యమునకు విమానములే గతి. జూను 22వ తేదీన, 109వ మైలురాయి వద్ద, కోహిమానుండి దిగినవారును ఇంఫాలునుండి వచ్చినవారును కలిసికొనిరి. వెంటనే లారీలు కదలెను. నిండు వానకాలము, కొండదారి, బురద. ఇదంతయు పెదనాన్నగారికి పటము చూపుచు చెప్పితిమి.

తిరిగి రానివారి సంగతి వేరు. 1917లో స్థాపింపబడిన యుద్ధసమాధుల కమిషను వారి పట్టికను ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. బర్మాలో టౌక్యాన్ వద్ద, సమాధి తెలియని దాదాపు 27,000 మంది పేరులు రాతిమీద గలవు. అయితే మొదటి యుద్ధమునకై బస్రాలో కట్టిన స్మారకమున భారతీయ సిపాయిల పేరులు చెక్కలేదు. అధికారుల పేరులు మాత్రము చెక్కి, తక్కినవారిని దళమునకు ఇందరని లెక్కగా వ్రాసిరి. ఈ భేదమును ఆ కమిషనే 2021లో ఒప్పుకొని విచారము తెలిపెను. అట్టివారి విషయమున ఇంటనున్న ఒక జాబుగాని పతకముగాని రాతికంటె నెక్కువ చెప్పును.

పటము మడిచిన పిమ్మట పెదనాన్నగారు కొంతసేపు పలుకలేదు. తరువాత, “వాన వచ్చిన ప్రతి రాత్రియు మా నాయన లేచి, బియ్యపు బస్తాలు తడిసినవేమోనని లాంతరు పట్టుకొని చూచెడివాడు” అనిరి.