పసుపు రేటు పలికే కంప్యూటరు

నిజామాబాద్ యార్డులో కాడి, గోళ కుప్పలు పోసుకుని రైతు రేటు కోసం కూచుంటాడు. ‘ముంబయిలో ఇవాళ పడిపోయిందట’ అంటాడు అడ్తిదారు. పంట ఇక్కడుంటే రేటు ముంబయిలో పడడమేమిటి? రైతులూ, హమాలీలూ అడిగే ఈ ప్రశ్న న్యాయమైనదే.

ముంబయిలో ఉన్నది ఎన్.సి.డి.ఇ.ఎక్స్. అనే కంప్యూటరు ఎక్స్ఛేంజి. 2003 డిసెంబరులో మొదలయింది. షేర్ల ఎక్స్ఛేంజి నడిచే తీరునే ఇదీ నడుస్తుంది. అక్కడ కంపెనీల వాటాలు చేతులు మారతాయి, ఇక్కడ రాబోయే నెలల్లో అప్పజెప్పే సరుకు మీద ఒప్పందాలు చేతులు మారతాయి. వీటినే ఫ్యూచర్స్ అంటారు. మన మాటలో ముందస్తు బేరాలు. 2016లో యార్డుకు వచ్చిన ఈ-నామ్ వేరు. అది ఎదుట ఉన్న కుప్పకు ఆ రోజు జరిగే వేలం.

పాత ఎక్స్ఛేంజీల్లో దళారులు ఒకచోట గుమిగూడి చేతులూపుతూ, అరుస్తూ బేరమాడేవారు. ఇప్పుడు అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి మొహం ఒకరు చూడరు. బ్రోకరు ద్వారా తమ మాట పంపుతారు. కంప్యూటరు అమ్మకాలను ఒక వరసలో, కొనుగోళ్లను ఇంకో వరసలో నిలబెడుతుంది. తక్కువకు ఇస్తానన్నవాడు అమ్మకాల వరసలో ముందుంటాడు. ఎక్కువ పెడతానన్నవాడు కొనుగోళ్ల వరసలో ముందుంటాడు. ఇద్దరిదీ ఒకే రేటయితే ముందు చెప్పినవాడిదే వంతు. ఒకడు క్వింటాలు 14,020కి అమ్ముతాననీ, ఇంకొకడు 14,010కి కొంటాననీ ఉంటే బేరం కుదరదు. మూడోవాడొచ్చి 14,020 ఇస్తానన్నాడా, రెప్పపాటులో కుదిరిపోతుంది. ఆ క్షణాన దేశమంతటా తెర మీద కనబడే పసుపు రేటు అదే.

ఇంతవరకు చూస్తే కాంటా దగ్గర మోసం కంటే నయమే. తెరకు కులం లేదు, మొహమాటం లేదు. అయితే ‘నీ దగ్గర పసుపుందా?’ అని కూడా అది అడగదు. పసుపు చేను మొహం చూడనివాడు టన్నుల కొద్దీ అమ్మి, గడువులోగా తిరిగి కొని తేడా జేబులో వేసుకోవచ్చు. గడువుదాకా నిలిచినవాళ్లే గోదాములో సరుకు అప్పజెప్పాలి. పసుపుకు ఆ ప్రధాన కేంద్రం మన నిజామాబాదే.

మరి రైతే అక్కడ అమ్ముకోరాదా? అమ్ముకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. కాని ఒక్క లాటు 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. ఎకరానికి 20, 25 క్వింటాళ్ల ఎండు పసుపు వచ్చినా రెండెకరాల పైమాటే. 14,000 లెక్కన ఏడు లక్షల సరుకు. అంత సొమ్మూ కట్టనక్కరలేదు, మార్జిన్ పేరుతో కొంత ధరావతు కడితే చాలు. అసలు మెలిక ఆ తర్వాత వస్తుంది. ఏ రోజు లెక్క ఆ రోజే తేలాలి. 14,000కి అమ్ముతానని రాసుకున్నాక రేటు 14,500 అయిందనుకోండి. క్వింటాలుకు 500 చొప్పున 25,000 రూపాయలు మర్నాటికల్లా కట్టాలి. చేలో పసుపు విలువ కూడా పెరిగింది నిజమే, కాని దాన్ని ఇంకా తవ్వలేదు, ఉడకబెట్టలేదు. కట్టలేకపోతే బ్రోకరు బేరం తెంచేస్తాడు, నష్టం రైతు నెత్తిన పడుతుంది. ఆ పాతికవేల కోసం మళ్లీ అడ్తిదారు గడపే తొక్కాలి! కొన్ని రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఈ ఎక్స్ఛేంజిలోకి వెళ్లాయి. పదిమంది పంట కలిస్తే లాటు నిండుతుంది గాని, రోజువారీ డబ్బు మాత్రం కట్టక తప్పదు.

2010లో క్వింటాలు 15 వేలు దాటిన పసుపు 2011 చివరికి 5 వేల దరిదాపులకు దిగింది. నేరమంతా ఎక్స్ఛేంజిదే అని మేము అనం. ధర చూసి సాగు పెరిగింది, రాశి పెరిగింది. అలాంటి ఏడాది రైతు చేయి మొదట వెళ్లేది కూలి డబ్బుల మీదకే. తవ్వే ఆడకూలీలు, ఉడకబెట్టేవాళ్లు, బస్తాలు మోసే హమాలీలు తెర ఎన్నడూ చూడకపోయినా దాని దెబ్బ తింటారు.

2021 డిసెంబరులో సెబీ వరి, గోధుమ, శనగ, పెసర, ఆవాలు, సోయా, పామాయిలు ముందస్తు బేరాలను నిలిపేసింది. తర్వాత ఆ నిలుపుదలను పొడిగిస్తూ వచ్చింది. ధరలు పెరుగుతున్నాయని తలుపు మూయడం సర్కారుకు చేతనయింది. పసుపు ఆ జాబితాలో లేదు, కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలోనూ లేదు. 2019 ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు బరిలో నిలిచి అడిగినవి పసుపు బోర్డు, గిట్టుబాటు ధర. బోర్డు 2025 జనవరిలో వచ్చింది.