స్నానాల గది వెనక మల్లె

వాడిన నీళ్ళతో పెంచిన పూలు దేవుడికి పెట్టొచ్చా? గ్రే వాటర్ మాటెత్తితే మనకు ముందు అడ్డొచ్చే సందేహం ఇదే.

మన ఊళ్ళలో స్నానాల గది నీళ్ళు వృథా పోనిచ్చేవారు కాదు. చిన్న కాలువ తీసి అరటికో, చామకో, కనకాంబరాలకో మళ్ళించేవాళ్ళు. ఆ కనకాంబరాలే మాలగా దేవుడి పటానికి ఎక్కేవి.

ఇక ప్లేనో కుళాయి సంగతి చూడండి. మనకు నీళ్ళిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్‌కు పెద్ద ఆధారం లవాన్ చెరువు. విల్సన్ క్రీక్ ప్లాంటులో శుద్ధి చేసిన మురుగునీరు చేరేది ఆ చెరువులోకే. అదీ చాలక, దక్షిణాన క్రాండల్ దగ్గర 1,840 ఎకరాల్లో చిత్తడి నేల తయారు చేశారు. ఇళ్ళల్లో వాడి, శుద్ధి చేసి ట్రినిటీ నది పాయలోకి వదిలిన నీటిని అందులోకి తోడి, నీటి మొక్కల మధ్య రోజుల తరబడి మెల్లగా పారనిస్తారు. తర్వాత 43 మైళ్ళు పైపులో పంపి లవాన్‌లో కలుపుతారు. అక్కణ్ణుంచి మళ్ళీ శుద్ధి అయ్యి మన వంటింటికొస్తుంది. అంటే మనం అభిషేకానికి పట్టే నీళ్ళలోనూ ఎవరో ఒకప్పుడు వాడినవి ఉన్నాయి! మల్లెమొక్క దగ్గరే మడి గుర్తు రావడం ఎందుకో మరి.

నన్నడిగితే అసలు భయం సబ్బుతోనే. ప్లేనోది వేసవిలో నెర్రెలిచ్చే నల్లరేగడి, గుంటూరు వాళ్ళకు కొత్త కాదు. డిటర్జెంటులోని సోడియం చేరేకొద్దీ ఆ మట్టి బిగుసుకుపోయి నీరు ఇంకదు. బట్టల నీళ్ళు వాడేట్టయితే పౌడర్ బదులు లిక్విడ్ మేలు. బ్లీచ్, బోరాక్స్ వేసిన నీళ్ళు వద్దే వద్దు. గన్నేరు, బోగన్‌విల్లా ఉప్పును బాగానే తట్టుకుంటాయి. గార్డీనియా తట్టుకోలేదు. చలికి లోపలికి తెచ్చుకునే మల్లె కుండీల్లో ఉప్పు త్వరగా పేరుకుంటుంది, కాబట్టి మధ్యమధ్య వాననీళ్ళు ధారాళంగా పోసి కడిగెయ్యాలి.

టెక్సస్ నిబంధనల ప్రకారం ఇంటి గ్రే వాటర్ రోజుకు 400 గ్యాలన్ల లోపైతే రాష్ట్ర పర్మిట్ అక్కర్లేదు. షవర్, వాష్‌బేసిన్, వాషింగ్ మెషీన్ నీళ్ళు పనికొస్తాయి. వంటింటి సింకు, టాయిలెట్, డయపర్లు ఉతికిన నీళ్ళు లెక్కలోకి రావు. స్ప్రింక్లర్‌తో చల్లకూడదు, మడుగు కట్టనివ్వకూడదు. పైపు కోయించే ముందు మాత్రం సిటీ ఆఫీసులో అడగండి.

బకెట్టుతో మొదలుపెట్టేవాళ్ళకు ఇవేవీ అక్కర్లేదు. పలచటి గుడ్డలో వడకట్టి, ఆ రోజుకారోజే పోసెయ్యండి, నిలవుంచితే వాసనొస్తుంది. మొగ్గల మీద కాదు, మొదట్లో పోయాలి. పక్కనే ఉన్న కొత్తిమీర, గోంగూర మళ్ళకు మాత్రం కుళాయి నీళ్ళే.