నిలబడి తాగే కాఫీ

బెంగళూరు పాత పేటల్లో ఒకటైన శంకరపురంలో, శంకరమఠానికి దగ్గర్లో, ఓ చిన్న కాఫీ హోటలు ఉంది. పేరు బ్రాహ్మిన్స్ కాఫీ బార్. లోపల కూర్చుని తినే ఏర్పాటు లేదు. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, కాఫీ, టీ... దొరికేవి దాదాపు ఇంతే. సాంబారు అడిగితే లేదంటారు. ఇడ్లీకైనా వడకైనా చట్నీ ఒక్కటే. కె.వి. నాగేశ్వర అడిగ 1965లో దీన్ని మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఆ పేటలో ఎన్నో కుటుంబాలకు పొద్దున్న పలహారమంటే ఇక్కడి ప్లేటే.

ఉదయపు నడక ముగించుకుని వచ్చిన పెద్దవాళ్లు, పిల్లల్ని బడి దగ్గర దింపి వచ్చిన తల్లులు, భుజాన బ్యాగు దించని ఉద్యోగులు, ఆటో పక్కకు ఆపి వచ్చిన డ్రైవర్లు అందరూ అక్కడే కలుస్తారు. ప్లేటు అందుకున్నాక ఎవరి చోటు వాళ్లు చూసుకోవాలి. ఒకరు ఫుట్‌పాత్ అంచున నిలబడతారు, ఇంకొకరు ఆపిన స్కూటరు సీటు మీదే ప్లేటు పెట్టుకుంటారు. చట్నీ గరిటెడు వేసి సరిపెట్టరు. ఇడ్లీ తడిసేలా పోస్తారు. అయిపోతే ప్లేటు పట్టుకుని మళ్లీ వెళ్లొచ్చు. ఎన్నోసారి అని ఎవరూ అడగరు.

రకాలు తక్కువ కావడమే ఈ హోటలుకు పెద్ద బలం. ఉన్న నాలుగు వంటలూ చకచకా అమ్ముడవుతాయి కాబట్టి ఏదీ చల్లారేదాకా ఉండదు. ఇడ్లీ ఆవిరి మీద నుంచి దిగీ దిగగానే ప్లేటులోకి వస్తుంది. రుబ్బిన చట్నీ పులిసే లోపే ఖాళీ అవుతుంది. వచ్చినవాళ్లు పావుగంటలో తిని, కాఫీ తాగి వెళ్లిపోతారు. అందుకే అంత చిన్న చోటు అంతమందికి సరిపోతోంది.

ఇలాంటి పద్ధతే 1980ల్లో బెంగళూరు నగరమంతా పాకింది. ఆర్. ప్రభాకర్ రూపకల్పనలో 1983లో జయనగర్‌లో ‘కేఫ్ దర్శిని’ తెరుచుకుంది. నడుమెత్తు బల్లల దగ్గర నిలబడి తినడం, ఎవరి ప్లేటు వాళ్లే తెచ్చుకోవడం, వంటగది కళ్లెదుటే కనిపించడం దాని ప్రత్యేకతలు. వడ్డించే మనుషుల ఖర్చు, కుర్చీలకు కావలసిన చోటుకయ్యే అద్దె తగ్గాయి కాబట్టి ధర కూడా తగ్గింది. పిండి ఎలా కలుపుతున్నారో, పెనం ఎలా తుడుస్తున్నారో కొనేవాడికి కనిపిస్తుండడంతో నమ్మకం పెరిగింది. తర్వాత ఆ తరహా హోటళ్లన్నింటికీ ‘దర్శిని’ అన్నదే పేరైపోయింది. ఇప్పుడు బెంగళూరులో దర్శిని లేని పేట కనపడడం కష్టం.

వీటన్నింటికీ ప్రాణం కాఫీ. కాఫీ కలిపే మనిషి పనితనం చూడాలంటే కౌంటరు పక్కన రెండు నిమిషాలు నిలబడితే చాలు. గ్లాసులు వరుసగా పేర్చి ఉంటాయి. ముందు చక్కెర పడుతుంది. తర్వాత ఒక్కో గ్లాసులో అంగుళం లోపు చిక్కటి డికాషన్. ఆపైన కాగిన పాలు కాస్త ఎత్తు నుంచి ధారగా దిగుతాయి. ఆ ధార వేగానికే చక్కెర కలుస్తుంది, పైన నురగ కడుతుంది. ‘స్ట్రాంగ్’ అన్నవాళ్లకు డికాషన్ ఇంకో చుక్క, ‘లైట్’ అన్నవాళ్లకు పాలు ఇంకో చుక్క. ఇద్దరొచ్చి ‘బై టూ’ అంటే ఒకే కాఫీని రెండు చిన్న గ్లాసుల్లో సర్ది ఇస్తారు. బెంగళూరులో ఈ మాట అనడానికి ఎవరూ మొహమాటపడరు. డబ్బున్నవాళ్లూ బై టూ అనే అంటారు, ఎందుకంటే మరో గంటకు ఇంకో సగం తాగొచ్చు.

డికాషన్ తీయడానికి తొందర పనికిరాదు. రెండు అరల ఫిల్టరులో పై అర అడుగున సన్నటి చిల్లులుంటాయి. అందులో పొడి వేసి, మెల్లగా అదిమి, మరిగిన నీళ్లు పోస్తే బొట్టుబొట్టుగా కింది అరలోకి దిగుతుంది. మొదటిసారి దిగినదే అసలైన డికాషన్. అదే పొడిలో రెండోసారి నీళ్లు పోస్తే రంగొస్తుంది కానీ రుచి పలచబడుతుంది. పేరున్న హోటలుకూ మామూలు హోటలుకూ తేడా తెలిసేది చాలాసార్లు ఇక్కడే. పొడిలో చికోరీ కలపడం దక్షిణాదిలో పాత అలవాటు. చికోరీ ఒక మొక్క వేరు. వేయించి పొడి కొడితే డికాషన్‌కు చిక్కదనాన్నీ ముదురు రంగునూ ఇస్తుంది. అందులో కెఫీన్ ఉండదు. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది మన ఆహార ప్రమాణాల నిబంధన.

గింజల కోసం బెంగళూరు ఎక్కువ దూరం పోనక్కర్లేదు. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే. చిక్కమగళూరు, కొడగు, హాసన్ కొండవాలులే దానికి పుట్టిళ్లు. బాబా బుడన్ అనే సూఫీ సాధువు 17వ శతాబ్దంలో యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని ఇక్కడి వాళ్లు చెప్పుకుంటారు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే.

కాఫీ హోటళ్ల చరిత్రలో చేదు కూడా ఉంది. గత శతాబ్దం తొలి రోజుల్లో దక్షిణాది హోటళ్లు చాలావాటిలో బ్రాహ్మణులకు వేరే గది, మిగతావాళ్లకు వేరే చోటు ఉండేవి. దళితులను గుమ్మం తొక్కనివ్వని హోటళ్లూ ఉండేవి. బోర్డు మీద కులం పేరు రాసుకోవడం ఆ కాలపు ఆనవాయితీ. దానికి వ్యతిరేకంగా 1957లో మద్రాసులో ద్రావిడ ఉద్యమ నాయకుడు పెరియార్ ఉద్యమమే నడిపారు. శంకరపురం హోటలు పేరులో ఆ ఆనవాయితీ ఇంకా మిగిలే ఉంది. దాని ముందు ఫుట్‌పాత్ మీద మాత్రం అలాంటి గీతలేవీ లేవు. గదులే లేని చోట ఎవరిని ఏ గదిలో కూర్చోబెట్టాలన్న ప్రశ్న రాదు. ఆటో నడిపే మనిషీ, కోర్టుకు వెళ్లే వకీలూ ఒకే చట్నీ గరిటె కోసం చెయ్యి చాస్తారు. పేట హోటలు ఒక ఊరికి చేసే మేలు ఇదే.

కూర్చోబెట్టి మర్యాద చేసే కాఫీ హోటళ్లూ బెంగళూరులో ఉన్నాయి, వాటి గొప్ప వాటిది. గాంధీబజారులో 1943 నాటి విద్యార్థి భవన్‌కు కన్నడ రచయితలు మాస్తి, డి.వి.జి. వచ్చేవారు. 1957లో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేస్తే, ఉద్యోగాలు పోయిన కార్మికులు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ తోడ్పాటుతో సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నిలబెట్టుకున్నారు. తలపాగా కట్టిన వెయిటర్లతో ఎం.జి. రోడ్డులో నడిచిన ఇండియా కాఫీ హౌస్ అలాంటిదే. 2009లో అది చర్చ్ స్ట్రీట్‌కు మారింది. 1996లో బ్రిగేడ్ రోడ్డులో మొదలైన కేఫ్ కాఫీ డే, గంటల తరబడి కూర్చునే అలవాటును కుర్రకారుకు నేర్పింది. నిలబడి తినే హోటలులో ఈ సుఖం దొరకదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకూ, చంకలో పసిపిల్లలున్న తల్లులకూ అది కష్టమే. పెద్దవాళ్లకోసం నాలుగు స్టూళ్లు వేస్తే దర్శినుల వేగం ఏమీ తగ్గిపోదు.

తెలుగువాళ్లకు ఈ నగరం పరాయిది కాదు. అనంతపురం, చిత్తూరు నుంచి చదువుకూ ఉద్యోగాలకూ వచ్చి స్థిరపడినవాళ్లు లెక్కలేనంతమంది. దర్శిని బల్ల దగ్గర కన్నడ పక్కనే తెలుగూ వినిపిస్తుంది. మన మన్యం గింజ కూడా ఇక్కడికి చేరింది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా పంట పేరుతో నడిచే అరకు సంస్థ, 2017లో పారిస్‌లో దుకాణం తెరిచి, 2021లో ఇందిరానగర్‌లో కేఫ్ పెట్టింది. ఇటునుంచి అటు కూడా రాకపోకలున్నాయి. 2021లోనే ఇందిరానగర్‌లో మొదలైన రామేశ్వరం కేఫ్ హైదరాబాదు మాదాపూర్‌కు వచ్చింది. అక్కడా జనం నిలబడే తింటున్నారు.

శంకరపురం వెళ్లాలనుకునే తెలుగు ప్రయాణికులకు రెండు మూడు సూచనలు. పెందలాడే వెళ్లడం మంచిది. మధ్యాహ్నం కాసేపు హోటలు మూస్తారు. చిల్లర దగ్గరుంచుకోండి. ఖారాబాత్ అంటే మన ఉప్మా, కేసరిబాత్ అంటే రవ్వకేసరి. రెండూ ఒకే ప్లేటులో కావాలంటే ‘చౌచౌబాత్’ అనండి. కాఫీ చివరికి ఉంచుకోండి, చేతిలో ప్లేటూ గ్లాసూ రెండూ పట్టుకుని చట్నీ పోయించుకోవడం ఆ జనంలో కుదిరే పని కాదు.