క్లిప్పులు ముందు.. కత్తి తర్వాత!

పెద్దయ్యాక దవడ సరిచేయించుకోవాలంటే రెండేళ్ల ఓపిక కావాలి

బళ్లారి: కింది దవడ ముందుకు పొడుచుకొచ్చిందనో, నవ్వితే చిగుళ్లన్నీ కనిపిస్తున్నాయనో చిన్నప్పటి నుంచి మాటలు పడ్డవాళ్లు మనలో తక్కువేం కాదు. ఉద్యోగం వచ్చి చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, ఇంట్లో సంబంధాలు చూస్తుంటే డాక్టరు గుర్తొస్తాడు. 'మాఘంలో ముహూర్తాలున్నాయి, ఆలోపు అయిపోతుందా సార్?' అంటే మాత్రం కుదరదు.

పళ్లే వంకరగా ఉంటే, చిగుళ్లు గట్టిగా ఉన్నంతవరకు ఏ వయసులోనైనా క్లిప్పులతో సర్దుకుంటాయి. తేడా దవడ ఎముకలోనే ఎక్కువగా ఉంటే అవి చాలవు. ఎదిగే వయసులో ఎముకను కొంత దారికి తేవచ్చు. ఎదుగుదల ఆగాక మిగిలేది ఆపరేషనే.

మధ్యలో బెంబేలు వద్దు

ఆపరేషన్‌కు ముందు సాధారణంగా 12 నుంచి 18 నెలలు క్లిప్పులు ఉండాలి. అంతకంటే ముందే పుచ్చుపళ్లు, చిగుళ్ల జబ్బులు నయం చేయించుకోవాలి. కింది జ్ఞానదంతాలను కొందరికి ఆరు నెలల ముందే తీసేస్తారు. గుట్కా, బీడీ మానాల్సిందే, లేకుంటే గాయం, ఎముక సరిగా మానవు.

చాలామంది జడుసుకునేది క్లిప్పులు పడ్డాకే. దవడల తేడాను కప్పిపుచ్చడానికి పళ్లు ఏళ్ల తరబడి ఒకవైపు వాలిపోయి ఉంటాయి. క్లిప్పులు వాటిని నిటారుగా నిలబెట్టేసరికి దాగిన తేడా బయటపడుతుంది. ముందుకున్న దవడ ఇంకా ముందుకొచ్చినట్టుంటుంది, కొరకడమూ కష్టమే. డబ్బులిచ్చి ముఖం చెడగొట్టుకున్నామని అప్పుడు మానేస్తే రెంటికీ చెడ్డ రేవడే. అందుకే క్లిప్పులు వేసే డాక్టరు, కోసే సర్జను ఇద్దరూ మొదటిరోజే చూసి ఒక మాట మీదకు రావాలి. సలహాకు బళ్లారిలోనూ, బెంగళూరులోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి.

సంతకానికి ముందు

పూర్తి మత్తిచ్చి, ఎక్కువగా నోటి లోపలి నుంచే ఎముకను కోసి జరుపుతారు. టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. వాపు రెండు మూడు రోజులు పెరిగి, తర్వాత తగ్గుతూ వస్తుంది. కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కడం మామూలే. చాలామందికి నెలల్లో తగ్గినా, కొందరికి కొంత శాశ్వతంగా మిగిలిపోతుంది. ఈ సంగతి అంగీకారపత్రంలో రాసి ఉంటుంది. కానీ ఆ కాగితం కన్నడంలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది కదా! మొహమాటపడకుండా తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.

ఇక తిండి. ఉగ్గాని-బజ్జి, జొన్నరొట్టె ఆరు వారాలు మర్చిపోవాలి. మొదట్లో రాగిజావ, పప్పుకట్టు, మజ్జిగే దిక్కు. బరువు తగ్గడం ఖాయం. కుర్చీలో కూర్చుని చేసే పనికైనా రెండు మూడు వారాల సెలవు దాచుకోవాలి. మూటలు మోసేవారికి ఇంకా ఎక్కువే. తర్వాత కూడా కొన్ని నెలలు క్లిప్పులుంటాయి. అవి తీశాక పళ్లు మళ్లీ జరగకుండా రిటైనరు పెట్టుకోవాలి.

క్లిప్పులు, ఆపరేషన్, ఆసుపత్రి గది ఖర్చులు వేర్వేరుగా రాయించుకోండి. అందం కోసమంటూ బీమా కంపెనీలు కొర్రీ వేస్తుంటాయి. నమలడంలో, ఊపిరిలో ఇబ్బంది ఉంటే డాక్టరుతో రాయించి, పాలసీ వర్తిస్తుందో లేదో క్లిప్పులు పడకముందే కాగితం మీద తేల్చుకోవాలి.