జేబు చీటీలు, పెద్ద పద్దు

మొన్న ఆదివారం మా మనవరాలు లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని నుదురు కొట్టుకుంటోంది. "తాతయ్యా, ఈ సర్వర్‌లో ఉన్నదే 64 జీబీ ర్యామ్. ఒక్క ప్రాసెస్ ఎంత మింగిందంటోందో చూడు" అంది. కళ్లజోడు సవరించుకుని చూశాను. అంకెలు తమ గడి చాలక పక్క గడిలోకి పొర్లుతున్నాయి. ఊళ్లో కంప్యూటర్లన్నీ కుప్ప పోసినా అంత ర్యామ్ దొరకదు.

ఆ అంకెలు చూపిస్తున్న టూల్ పేరు క్రాష్. లినక్స్ సర్వర్ కుప్పకూలినప్పుడు దాని మెమరీని ఉన్నదున్నట్టు ఒక ఫైల్‌లోకి దించుకుంటారు. ఆ డంప్‌ని తెరిచి పోస్టుమార్టం చేసేది క్రాష్. అందులో పీఎస్ అని కొడితే ప్రాసెస్‌లన్నీ వరసగా వస్తాయి. ఒక్కోటి ఎంత ర్యామ్ పట్టుకు కూర్చుందో ఆర్ఎస్ఎస్ అనే గడి చెబుతుంది.

"మా నాన్న కొట్టు సంగతి నీకు చెప్పానా అమ్మడూ?" అన్నాను.

"ర్యామ్ గురించి అడిగితే కొట్టు గురించి చెబుతావేం?"

చెప్పాల్సిందే. బియ్యం బస్తాలు దిగితే మా బాబాయిలు తలో చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకునేవారు. చీటీ నిండాకే పెద్ద పద్దులోకి ఎక్కించేవారు. అమ్మకం మాత్రం అప్పటికప్పుడు పద్దులోనే తగ్గించేవారు. ఒక సాయంత్రం పద్దు తీస్తే నిల్వ మైనస్ మూడు! గోదాములో బస్తాలకు లోటేం లేదు. లోటంతా పద్దులోనే. రావలసిన లెక్క చిన్న బాబాయి చొక్కా జేబులో ఉంది, చొక్కా చాకలికి వెళ్లింది.

లినక్స్ కెర్నల్ చేసిందీ అదే. ఒక ప్రాసెస్‌లో కలిసి పనిచేసే థ్రెడ్లన్నీ ఒకే పద్దు కోసం ఎగబడితే పని నత్తనడక నడుస్తుంది. అందుకని 2010లో వచ్చిన 2.6.34 వెర్షన్ నుంచి ప్రతి థ్రెడ్‌కీ ఒక జేబు చీటీ ఇచ్చారు. కొత్త పేజీ, అంటే ర్యామ్‌లో ఒక ముక్క, చేతికొస్తే చీటీలో రాసుకుంటుంది. ఇలా పేజీ తెచ్చుకోవాల్సి వచ్చే సందర్భాలు, అంటే పేజీ ఫాల్టులు, 64 దాటాక పద్దులోకి దించుతుంది. పేజీలు వదిలేసేటప్పుడు మాత్రం తగ్గింపు నేరుగా పద్దులోనే పడుతుంది. ఒక థ్రెడ్ తెచ్చిన పేజీల్ని ఇంకో థ్రెడ్ వదిలేస్తే? పద్దు మైనస్‌లోకి దిగుతుంది. బతికున్న మెషీన్‌లో ఈ తేడా కాసేపటికి సర్దుకుంటుంది. డంప్‌లో కాలం ఆగిపోయింది కదా, చీటీలు ఎక్కడివక్కడే.

"మైనస్ మూడైతే మైనస్ మూడే చూపించాలిగా?" అంది.

పాత స్కూటర్ మీటరు గుర్తు చేసుకోండి. అన్నీ సున్నాలున్నప్పుడు ఒక్క అంకె వెనక్కి తిప్పితే 99999 వస్తుంది. 64 బిట్ల గడిలోనూ అంతే. మైనస్ ఒకటికీ 1,84,46,74,40,73,70,95,51,615కీ లోపలి బిట్లు ఒకటే. మైనస్ గుర్తును లెక్కలోకి తీసుకుంటే అది సున్నా కన్నా ఒకటి తక్కువ, తీసుకోకపోతే ఆకాశమంత. కెర్నల్‌కి ఈ గొడవ ముందే తెలుసు. పద్దు మైనస్‌లో ఉంటే సున్నా అని చెప్పి ఊరుకుంటుంది. క్రాష్ మాత్రం ఆ బిట్లను మైనస్ లేని సంఖ్యగా చదివేసింది. తర్వాత సవరించారు.

సున్నా చూపించడం నాకంత నచ్చదు. అది మర్యాదగా చెప్పే అబద్ధం. ప్రాసెస్‌లోని థ్రెడ్లన్నిటి జేబులూ తడిమి, చీటీలు పద్దుకి కలిపితేనే అసలు లెక్క. తేడా చిన్నదేం కాదు. ఫాల్టుకొక 4 కేబీ పేజీ అనుకున్నా చీటీకి 256 కేబీ. రెండు వందల థ్రెడ్లుంటే 50 ఎంబీ జేబుల్లోనే ఉండిపోవచ్చు.

2023లో వచ్చిన 6.2 వెర్షన్ నుంచి మళ్లీ పద్ధతి మార్చారు. చీటీలు ఇప్పుడు థ్రెడ్ల దగ్గర లేవు, సీపీయూల దగ్గరున్నాయి. పాత క్రాష్‌తో కొత్త కెర్నల్ డంప్ తెరిస్తే, చాకలికి వెళ్లిన చొక్కా కోసం వంటింట్లో వెతికినట్టే. మా అమ్మడు వెర్షన్లు సరిచూసింది. డంప్ పాత కెర్నల్‌ది, టూల్ అంతకన్నా పాతది. కొత్త క్రాష్ పెట్టి మళ్లీ పీఎస్ కొడితే ఆ ప్రాసెస్ బుద్ధిగా తన గడిలో ఒదిగింది.

మీకూ ఎప్పుడైనా ఇలా గడి పట్టని సంఖ్య కనిపిస్తే, కొత్త ర్యామ్ కొనడానికి పరిగెత్తకండి. ముందు దాన్ని మైనస్‌గా చదివి చూడండి.